యూదుల ఎస్తేరు చుట్ట, హగ్గాదా, వెండి గిన్నె: మ్యూజియానికి ఇచ్చేదాకా ఎట్ల కాపాడాలె?

బల్లార్షా చదువరి:
అందరికీ నమస్తే. మరాఠీ మాట్లాడే యూదులైన బెనె ఇజ్రాయెల్ కుటుంబమొకటి మా లైబ్రరీకి ఒక ట్రంకు పెట్టె అప్పజెప్పింది. వాళ్ల పెద్దలు ఇక్కడ రైల్వేల పనిచేసినోళ్లు, వారసులు ఇప్పుడు ఇజ్రాయెల్‌ల ఉంటున్నరు. చర్మం మీద హీబ్రూల చేత్తో రాసిన ఎస్తేరు చుట్ట (పూరీము పండుగకు చదివే బైబిలు ఎస్తేరు గ్రంథం), మరాఠీ, హీబ్రూ రెండూ ఉన్న పస్కా పండుగ పుస్తకం హగ్గాదా, జరీ పని చేసిన మఖమల్ గుడ్డ, చెక్కడం ఉన్న వెండి గిన్నె, ద్వారబంధానికి కొట్టే ఇత్తడి గొట్టం మెజూజా ఉన్నయి. ముంబైలో ఒక సినగాగ్ (యూదుల ప్రార్థనా మందిరం) పక్కన ప్రదర్శన గది తయారైనంక అక్కడికి ఇయ్యాలని వాళ్ల కోరిక. అప్పటిదాకా, అంటే ఈ వానాకాలమంతా, మా దగ్గరనే ఉంటయి. స్టీలు బీరువా ఉంది, ఏసీ లేదు. చుట్ట బిర్రబిగిసి అలలు అలలుగ లేచింది. తాటాకు గ్రంథాలకు రాసినట్టు నిమ్మగడ్డి నూనె రాస్తే మెత్తబడుతదని ఒక పెద్దాయన అంటున్నడు. రాయొచ్చా?

బరంపురం తాళపత్రి:
దయచేసి రాయకండి. తాటాకు మీద అక్షరాన్ని గంటంతో గీస్తారు, మసి ఆ గీతలో కూర్చుంటుంది కాబట్టి నూనె రాసినా అక్షరం పోదు. చర్మం మీద సిరా పైపొరగా మాత్రమే ఉంటుంది. మాచికాయ, అన్నభేది, తుమ్మబంక కలిపి చేసిన సిరా అది. నూనె తగిలితే చర్మం మరకపడి అద్దంలా పారదర్శకం అవుతుంది, సిరా పట్టు వదిలేస్తుంది. మీ చుట్ట తెల్లగా, లేత పసుపుగా ఉంటే సున్నంలో నానబెట్టి చట్రానికి బిగించి ఆరబెట్టిన చర్మం. ఎర్రటి గోధుమ రంగైతే పదును చేసిన తోలు కావచ్చు, తూర్పు దేశాల యూదుల చుట్టలు కొన్ని అలాగే ఉంటాయి. ఏదైనా నూనె మాత్రం వద్దు.

అలలు లేవడానికి కారణం మీ చాందా (చంద్రపూర్) వాతావరణమే. ఎండాకాలంలో గాలి పూర్తిగా ఎండిపోయి చర్మం కుంచించుకుంటుంది, వానలకి మళ్లీ ఉబ్బుతుంది. ఏటా ఇలా సాగి కుదించుకునే చర్మం మీద సిరా పెచ్చులుగా లేస్తుంది. అందుకే తేమ ఎక్కడో ఒక చోట నిలకడగా ఉండటం ముఖ్యం. 45 నుంచి 55 శాతం మధ్య ఉంచండి. 65 దాటితే బూజు, 40 కిందికి దిగితే బిరుసెక్కి పగుళ్లు.

ఏసీ లేకుండా పని జరగాలంటే, ఆమ్లం లేని అట్టపెట్టెలో చుట్టని పడుకోబెట్టి, దాన్ని గట్టి మూత ఉన్న ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి, దాన్ని బీరువాలో పెట్టండి. లోపల చిన్న డిజిటల్ తేమ మీటరు ఉండాలి. తేమ పీల్చే సిలికా జెల్ వాడితే అప్పుడే వేడి చేసిన పొడి గింజలు వెయ్యకండి, చర్మంలోని తేమంతా లాగేస్తాయి. వాటిని 50 శాతం గాలిలో కొన్నాళ్లు ఉంచాకే లోపల పెట్టాలి. బీరువా బయటి గోడకి ఆనకూడదు, నేల మీద నేరుగా ఉండకూడదు.

చుట్టని బలవంతంగా విప్పొద్దు. విప్పుతుంటే ప్రతిఘటిస్తే అక్కడే ఆపండి. ఇస్త్రీ, ఆవిరి, గాజు పలక కింద అదమడం మూడూ చర్మాన్ని పాడుచేస్తాయి. వేడీ తేమా కలిస్తే చర్మం జిగురైపోతుంది, అది మళ్లీ తిరిగి రాదు. ఫొటోకి దీపాన్ని ఒక పక్కనుంచి వాల్చి పెడితే ఎక్కడ సిరా లేచిందో కనిపిస్తుంది. ఇంకోటి, దాన్ని పండుగకి చదువుతారా, ప్రదర్శనకి పెడతారా అని వారసుల్ని ఇప్పుడే అడగండి. చదివేదైతే లేఖకుడు చెరిగిన అక్షరాన్ని కొత్త సిరాతో పూరిస్తాడు, మ్యూజియానికైతే ఆ పాత చేతిరాత అలాగే ఉండాలి.

షోలాపూర్ మగ్గం:
మఖమల్ గుడ్డ మడత పెట్టకండి, మడత దగ్గర నూగు చచ్చిపోతుంది. లావాటి అట్ట గొట్టానికి అల్యూమినియం రేకు చుట్టి, దాని మీద గంజి పోయేదాకా ఉతికిన కోరా గుడ్డ చుట్టండి. నూగు పైకి వచ్చేలా గుడ్డని దాని మీద వదులుగా చుట్టాలి. ఉతకడం, ఇస్త్రీ రెండూ వద్దు, వెండి జరీ పాడవుతుంది. దుమ్ము తీయాలంటే వల గుడ్డ పరిచి, తక్కువ లాగుడు మీద వాక్యూమ్ పట్టండి. కలరా ఉండలు, వేపాకులు తగలనీయొద్దు.

గిన్నెని ఇంట్లో తోమినట్టు చింతపండు, విభూతి, పళ్లపొడితో తోమొద్దు. తోమిన ప్రతిసారీ కొంచెం వెండి పోతుంది, ముందుగా అరిగేది చెక్కిన అక్షరాలే. నల్లదనం ఉంటే ఉండనీయండి. ఉన్ని గుడ్డ, రబ్బరు బ్యాండు, న్యూస్ పేపర్ దగ్గర పెట్టకండి, వాటిలోంచి వచ్చే గంధకం వెండిని నల్లబరుస్తుంది.

నాందేడ్ రిజిస్టర్:
వస్తువుకి చేసేది తగ్గించండి, వస్తువు గురించి రాసేది పెంచండి. ఇది ఎవరిది, ఏ ఊళ్లో, ఏ పండుగకి వాడారు అనేది వారసులకి ఫోన్ చేసి ఈ వారమే రాసుకోండి. అది లేకపోతే ముంబై గదిలో అది వట్టి వెండి గిన్నె. 1948లో ఇజ్రాయెల్ దేశం ఏర్పడ్డాక బెనె ఇజ్రాయెల్‌లో ఎక్కువమంది వలస వెళ్లిపోయారు, చిన్న ఊళ్లలో చెప్పేవాళ్లు అరుదు.

హగ్గాదా మొదటి పేజీలో హీబ్రూ సంవత్సరం అంకెలకి బదులు అక్షరాలలో ఉంటుంది, ప్రతి అక్షరానికీ ఒక విలువ ఉంటుంది, సాధారణంగా వేల స్థానం వదిలేస్తారు. అక్షరాల విలువలు కూడి 1240 కలపండి. మొత్తం 634 వస్తే 1874 అని అర్థం. హీబ్రూ ఏడు సెప్టెంబరు ప్రాంతంలో మొదలవుతుంది కాబట్టి సెప్టెంబరు నుంచి డిసెంబరు లోపు అచ్చయినదైతే ఒక ఏడు తక్కువ. మరాఠీ అనువాదంతో ముంబైలో 1846లో, పూణేలో 1874లో హగ్గాదాలు అచ్చయ్యాయి. పూణే ప్రతిలో చీర కట్టుకున్న ఆడవాళ్లు పులియని రొట్టెలు చేస్తున్న బొమ్మలున్నాయి. మీదానిలో అవి కనిపిస్తే దాని విలువ వేరు. పుస్తకాన్ని 90 డిగ్రీలకి మించి తెరవకండి, స్కానర్ మీద బోర్లించకండి, పైనుంచి కెమెరాతో తియ్యండి. సెలోటేప్, లామినేషన్ అసలే వద్దు. రాలిన ముక్కలు పారేయకుండా కవరులో పెట్టండి. దేవుని పేరున్న చిరిగిన పేజీలను యూదులు పారేయరు, శ్మశానంలో పూడ్చిపెడతారు.

చట్టం సంగతి కూడా చూసుకోండి. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం చారిత్రక విలువ ఉన్న చేతిరాత ప్రతులు 75 ఏళ్లు, మిగతా వస్తువులు 100 ఏళ్లు దాటితే పురావస్తువులే, దేశం దాటించడానికి వీల్లేదు. బంధువులు సామానులో పెట్టుకుని వెళ్లిపోతామంటే ఒప్పుకోకండి. కొచ్చిలోని కడవుంభాగం సినగాగ్ లోపలి చెక్క పని 1990లలో యెరూషలేంలోని ఇజ్రాయెల్ మ్యూజియానికి చేరింది. కేరళలోనే పరవూరు, చేందమంగళం సినగాగ్‌లను బాగుచేసి మ్యూజియాలుగా అక్కడే ఉంచారు. నాకు రెండో దారే ఇష్టం, వస్తువు తను పుట్టిన నేలకి దగ్గరగా ఉంటుంది.

బల్లార్షా చదువరి:
నూనె ఆపేసినం, చాలా థాంక్స్. మెజూజా గొట్టంలో చిన్న చర్మపు చుట్ట కనపడుతుంది. తీసి ఫొటో తియ్యాల్నా?

బరంపురం తాళపత్రి:
ఇత్తడికి పచ్చని చిలుము పట్టి ఉంటే చర్మం లోపల అతుక్కుని ఉంటుంది, లాగితే చిరుగుతుంది. అలాగే వదిలి గొట్టాన్ని విడిగా ఒక పెట్టెలో ఉంచండి. నంబరు గొట్టం మీద రాయొద్దు, చీటీని నూలు దారంతో కట్టండి. మెజూజాని గుమ్మానికి కుడివైపు, పైనుంచి ఎత్తులో మూడో వంతు కిందికి వచ్చిన చోట కొడతారు. ఏ ఇంటిది, ఏ గుమ్మానిదో కుటుంబం చెప్పగలిగితే ఆ చీటీ మీదే రాయండి.