బోదె అవతల బడి, చుట్టూ తిరిగి దారి: మీ ఊళ్లోనూ ఇంతేనా?

గట్టుమీద (భీమవరం): మా వీధి చివర నిలబడితే బడి గంట వినిపిస్తుంది. పిల్లవాడిని దించాలంటే మాత్రం వెనక్కి వెళ్లి మెయిన్ రోడ్డెక్కి, వంతెన దాటి, మళ్లీ లోపలికి రావాలి. నడుమ ఉన్నది నాలుగడుగుల పంట బోదె, చేలకు నీళ్లు పారే చిన్న కాలువ. దాని మీద తూము వేసిన నాథుడు లేడు. పాత ఊళ్లో ఏ సందులో దూరినా ఎక్కడో ఒకచోట తేలేవాళ్లం.

ఉప్పుగాలి (కాకినాడ): మా పాత పేటల్లో నిలువు వీధులు, అడ్డ వీధులు గళ్ల పుస్తకంలా ఉంటాయి. ఒక వీధిలో పెళ్లి పందిరి వేస్తే పక్క వీధిలోంచి పోతాం. శివారులో పందిరి వేస్తే ఆ రోజుకు ఇంట్లోనే.

పాత గొలుసు (తణుకు): సర్వే పనిలో ముప్పై ఏళ్లు తిరిగినవాడిని. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక ఈ నేలంతా కాలువలు, బోదెలు, మురుగు కాలువల నడుమ ముక్కలైంది. పంటకు అది వరం. ఒక రైతు రెండెకరాలు అమ్ముతాడు, లేఅవుటు అంతవరకే, రోడ్డూ ఆ గట్టు దగ్గరే ఆగుతుంది. పదేళ్లకు పక్క చేను అమ్ముడయ్యేసరికి వాళ్ల రోడ్డు మరో వరుసలో పడుతుంది.

వీధులు ఒకదానితో ఒకటి ఎంత కలిసి ఉన్నాయో చూసే లెక్క ఒకటి చెబుతాను. కూడళ్లకు, దారి ఆగిపోయే మొండి చివరలకు చుక్కలు పెట్టండి. వాటిని కలిపే రోడ్డు ముక్కలను చుక్కలతో భాగించండి. కొమ్మల్లా చీలిపోయే వీధులకు ఒకటి కూడా రాదు. పెద్ద గళ్ల పేటకు 2 దరిదాపుల్లోకి వస్తుంది. 1.4 ఉంటే ఫరవాలేదంటారు.

గట్టుమీద: 9 చుక్కలు, 8 ముక్కలు. 0.89 వచ్చిందండి!

కొబ్బరాకు (అమలాపురం): మొండి వీధిని అంత తిట్టకండి. లారీలు రావు, మా పిల్లలు రోడ్డు మీదే ఆడుకుంటారు. నా బాధల్లా పుంత గురించే. బండ్ల కాలం నుంచి ఊరికీ ఊరికీ నడుమ ఉన్న దారి. దానికి అడ్డంగా ఎవరో ప్రహరీ లేపారు.

పాత గొలుసు: బండి రాకపోయినా మనిషి నడిచే దారి వదిలితే మీ ఇద్దరి గొడవా తీరుతుంది. కొబ్బరాకు గారూ, ముందు గ్రామ నక్షా తీయించండి. అందులో పుంత పోరంబోకు అని ఉంటే అర్జీ రాతపూర్వకంగా ఇచ్చి, రసీదు తీసుకోండి.

గట్టుమీద: నేనూ తూము కోసం అర్జీ పెడతాను. నిన్న ఎదురింటి బాబాయి గారు బోదె మీద కొబ్బరి దుంగ వేశారు. చెయ్యి పట్టుకొని దాటిస్తున్నాను. స్కూటరు మాత్రం ఇంట్లోనే.