వార్మ్ లైట్ వేస్తే హాలు గోడలు పసుపుగా కొడుతున్నాయి

మాది నల్గొండ. హాలు 12 బై 16 అడుగులు, పడమర కిటికీ, తెల్ల విట్రిఫైడ్ టైల్స్, టేకు సోఫా. వార్మ్ లుక్ రావాలని గోడలకు క్రీమ్ కలర్ వేయించి, ఎరుపు, నలుపు పోచంపల్లి ఇక్కత్ కుషన్లు పెట్టాం.

పగలు చాలా బాగుంటుంది. సాయంత్రం 3000 కెల్విన్ (వెలుగు రంగు కొలత; ఇది పసుపు ఛాయ వార్మ్ లైట్) ఎల్‌ఈడీలు వేయగానే గోడలు పసుపు పూసినట్టు అవుతాయి, ఇక్కత్ ఎరుపు మాసిపోయినట్టు కనిపిస్తుంది. ఆ ఎరుపు కోసమే కదా అవి కొన్నది! తెల్లటి 6500 వేస్తే ఆస్పత్రి వార్డులా ఉంది. 4000లో ఎరుపు కాస్త తేరుకుంది కానీ హాయిదనం పోయింది. సీలింగ్ లైట్లు ఆపి స్టాండ్ ల్యాంప్ ఒక్కటే పెట్టినా గోడలు అంతే. బల్బు డబ్బా మీద సీఆర్‌ఐ (ఆ వెలుగులో రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెప్పే స్కోరు) 80 అని ఉంది.

బడ్జెట్‌లో ఒక్కటే కుదురుతుంది: 3000 కెల్విన్‌లోనే సీఆర్‌ఐ 90 పైన ఉన్న బల్బులు కొనాలా, గోడలకు పసుపు ఛాయ తక్కువున్న ఆఫ్‌వైట్ వేయించాలా?