ఆరోగ్యంగా ఉన్న ఆడ గినీ పిగ్‌కు ముందుగానే గర్భసంచి తీయించాలా?

ఒంగోలు సభ్యురాలు:
నిరుడు మా ఆడ గినీ పిగ్‌కు రెండు డొక్కల మీదా ఒకే తీరుగా బొచ్చు రాలిపోయింది. తామర అనుకొని రెండు నెలలు పూత మందు రాయించారు. చనుమొనలు పక్కు కట్టాయని నేను చూపించినా పట్టించుకోలేదు. చివరికి స్కానింగులో రెండు అండాశయాల్లోనూ తిత్తులు కనిపించాయి. అప్పటికే మేత మానేసింది, దక్కలేదు. ఇప్పుడున్న దానికి పది నెలలు. దీనికి అండాశయాలూ గర్భసంచీ ముందే తీయించేద్దామనుకుంటున్నాను. తప్పంటారా?

నెల్లూరు సభ్యుడు:
తప్పనను గానీ, తొందరపాటు అంటానమ్మా. ఏడాదిన్నర దాటిన వాటిలో ఈ తిత్తులు చాలా మామూలే అయినా, అన్నీ ఒక రకం కావు. ఎక్కువగా వచ్చే నీటితిత్తులు హార్మోన్లను విడుదల చేయవు. బాగా పెరిగి కడుపులో చోటు ఆక్రమించేదాకా చాలావాటికి ఏ ఇబ్బందీ కనిపించదు. బొచ్చు రాలిందంటే మీ దానిది బహుశా హార్మోన్లు వదిలే రకం. దానికి హార్మోను సూదులు పనిచేయవచ్చు, నీటితిత్తికి పనిచేయవు. ఇక ఆపరేషన్ అంటారా, కుక్కకు చేసినట్టు రాత్రంతా పస్తు పెడితే దీని పేగులు కదలడం మానేస్తాయి. కుట్లు వేసి పంపుతూ అలవాటు కొద్దీ నోటి ద్వారా అమాక్సిసిలిన్ రాసిచ్చినా ప్రాణం మీదికి వస్తుంది. గేదెలనూ గొర్రెలనూ చూసే డాక్టర్లకు మన జిల్లాల్లో కొదవ లేదు, కిలో తూగని ఈ ప్రాణికి మత్తు ఇచ్చి అలవాటున్న చెయ్యి కావాలంటే తిరుపతో చెన్నయో వెళ్లి వెతుక్కోవాలి.

కావలి సభ్యురాలు:
అన్నగారి మాట సగమే ఒప్పుకుంటాను. తిత్తి ఒక్కటే కాదు, వయసు మళ్లాక గర్భసంచిలో గడ్డలూ వస్తాయి. మా దాని పంజరంలో తెల్ల తువ్వాలు పరిచాను కాబట్టి రూపాయి బిళ్లంత నెత్తుటి మరక కంటబడింది. గడ్డి మీదైతే తెలిసేదే కాదు. మొదట మూత్రాశయంలో రాయి అనుకున్నాం. మూడేళ్ల వయసులో, మేత తగ్గి నీరసపడ్డాక కోయించాల్సి వచ్చింది. బతికింది గానీ, పది రోజులు సిరంజితో మేత పట్టించాను. అదే పని ఏడాదిలోపు, ఒంట్లో కొవ్వు పట్టకముందు చేయించి ఉంటే ఇంత కష్టపడేది కాదు.

నెల్లూరు సభ్యుడు:
అనుభవమున్న డాక్టరు దొరికితే నాకూ అభ్యంతరం లేదు. నడుము పక్కల నుంచి అండాశయాలు మాత్రమే తీసే పద్ధతి ఉంది, కోత చిన్నది, అడిగి చూడండి. అయితే ఈ మే ఎండల్లో మాత్రం ప్రయాణం పెట్టుకోకండి, ముప్పై డిగ్రీలు దాటితేనే వీటికి వడదెబ్బ ముప్పు.

ఒంగోలు సభ్యురాలు:
సరేనండి, చలికాలం దాకా ఆగుతాను. ఈలోపు స్కానింగ్ చేయించి, తిరుపతిలో డాక్టరుగారిని పస్తు సంగతే మొదట అడుగుతాను. తువ్వాలు ఇవాళే పరిచాను.