ఎక్స్‌ఎంఎల్ ఫైల్లోంచి పేర్లు లాగడానికి గ్రెప్ చాలదా?

పర్లాకిమిడి లెక్కలు: మాది కిరాణా హోల్‌సేల్. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నెలనెలా ఇచ్చే ఎక్స్‌ఎంఎల్ ఫైలంతా (ప్రతి వివరం చుట్టూ ట్యాగులు పెట్టి రాసేది) ఒకటే లైను. అందులోంచి పార్టీ పేర్లు, బాకీలు కావాలి. అడిగిన మాట ఉన్న లైన్లను చూపించే గ్రెప్ కమాండ్ కొడితే, ఉన్నదే ఒక లైను కాబట్టి ఫైలు మొత్తం స్క్రీన్ మీద కుమ్మరించింది. గ్రెప్ జోలికి వెళ్లకు మావయ్యా అంటాడు మా మేనల్లుడు. నిజమేనా?

గుణుపురం గ్రెప్: కుర్రాళ్ల మాటలకేం గానీ, ముందు ఎక్స్‌ఎంఎల్‌లింట్‌కి ఫార్మాట్ ఆప్షన్ ఇవ్వండి. లిబ్‌ఎక్స్‌ఎంఎల్2 అనే లైబ్రరీతో వచ్చే టూలే అది. ట్యాగులు లైన్లవారీగా విడిపోతాయి, లోపలివి రెండేసి స్పేసులు జరుగుతాయి. ఇక గ్రెప్, టెక్స్ట్‌ని మార్చే సెడ్ కమాండ్ చాలు. నెలకోసారి పనికి, ట్యాగుల దారి చెప్పి వివరాలు అడిగే ఎక్స్‌పాత్ నేర్చుకుంటామా?

బరంపురం బండి: ఆ ధైర్యంతోనే మునిగాను గురూ. మా ఫైల్లో రద్దయిన బిల్లుల్ని ఎవరో కామెంట్‌లో (డేటా కింద లెక్కకు రాని నోట్‌లో) పెట్టి వదిలేశారు. గ్రెప్‌కి కామెంటూ ఒకటే, బిల్లూ ఒకటే. పలాస నుంచి వచ్చిన జీడిపప్పు లోడు రెండుసార్లు లెక్కలోకి ఎక్కింది. పైసా బాకీ లేని పార్టీకి ఫోన్ చేసి తిట్లు తిన్నాను. ఎక్స్‌పాత్‌తో బిల్లు ఎలిమెంట్లు అడిగితే కామెంట్ లోపలివి రావు.

గుణుపురం గ్రెప్: కామెంట్ల సంగతి ఒప్పుకున్నా. మరి మీ ఎక్స్‌పాత్ తక్కువ తిందా? ఫైల్లో నేమ్‌స్పేస్ (ట్యాగులు ఏ కోవవో చెప్పే గుర్తు) ఉంటే మామూలు దారి ఇచ్చినా ఏమీ దొరకలేదంటుంది. లోకల్‌నేమ్ అంటూ చాంతాడంత రాయాలి. ఎక్స్‌ఎంఎల్‌లింట్‌లో స్ట్రింగ్ ఫంక్షన్ వాడితే మొదటి పేరొక్కటే ఇచ్చి ఊరుకుంటుంది. పాత వెర్షన్లలో టెక్స్ట్ అని అడిగితే పేర్లన్నీ అతుక్కుని వస్తాయి.

పర్లాకిమిడి లెక్కలు: మీరు కొట్టుకోండి, ఇక్కడ నాకు టెన్షన్. ఫార్మాట్ చేశాక తెలుగు పేర్లూ ఒడియా పేర్లూ పోయి, హ్యాష్ గుర్తుతో ఏవో నంబర్లు వచ్చాయి. ఫైలు పాడైందా?

బరంపురం బండి: పాడవలేదు, కంగారు పడకండి. ఫైలు మొదటి లైనులో ఎన్‌కోడింగ్ (అక్షరాల్ని ఏ పద్ధతిలో దాచారో) రాసి ఉండదు. అందుకని ప్రతి అక్షరానికీ దాని యూనికోడ్ నంబరు వేసింది. ఎన్‌కోడ్ ఆప్షన్‌కి యూటీఎఫ్-8 ఇచ్చి మళ్లీ కొట్టండి. పేరు, బాకీ ఒకే లైనులో పక్కపక్కన కావాలంటే ఎక్స్‌ఎంఎల్‌స్టార్‌లెట్ అనే ఇంకో టూల్ వేసుకోండి. దానికి పెద్ద టీ ఆప్షన్ మరవొద్దు. లేదంటే పేర్లలో అండ్ గుర్తు ఉన్నచోటల్లా ఏఎంపీ అని వస్తుంది.

గుణుపురం గ్రెప్: ఫైల్లో ఏముందో చూడ్డానికి మాత్రం నేను గ్రెప్పే. బాకీల లిస్టుకి మీరన్నట్టే కానివ్వండి.

పర్లాకిమిడి లెక్కలు: వచ్చేశాయి! ఒడియా పేర్లతో సహా. మేనల్లుడికి మాత్రం చెప్పను.