114 ఎంఎం రిఫ్లెక్టర్‌లో చంద్రుడి తర్వాత ఏం చూడొచ్చు?

బెజవాడ_డాబా:
114/900 న్యూటోనియన్ (114 ఎంఎం అద్దం, 900 ఎంఎం ఫోకల్ దూరం ఉన్న టెలిస్కోపు) కొన్నాను. 25, 10 ఎంఎం ఐపీసులు (కన్ను పెట్టి చూసే కటకాలు), 3ఎక్స్ బార్లో (మూడు రెట్లు పెంచే అదనపు కటకం) ఇచ్చారు. చంద్రుడు బ్రహ్మాండంగా ఉన్నాడు. గురుడు మాత్రం 10 ఎంఎం, బార్లో కలిపి పెడితే ఊగిపోయే తెల్ల ముద్ద. ఫోకస్ కుదిరేలోపే జారిపోతున్నాడు. అద్దంలో లోపమా? ఊళ్లోంచి ఇంకేం కనబడతాయి?

చిత్తతార:
అద్దాన్ని అనుమానించే ముందు బార్లో తీసేయండి. 900ని 10తో భాగిస్తే 90 రెట్లు, బార్లోతో 270. 114 ఎంఎం అద్దానికి గాలి నిలకడగా ఉన్న రాత్రి కూడా 228 హద్దు. మామూలుగా 150 దాటితే మసకే. పైగా 270 రెట్ల దగ్గర గ్రహం ముక్కాలు నిమిషంలో ఐపీసు దాటిపోతుంది.

25తో వెతికి, మధ్యకు తెచ్చి, అప్పుడు 10 పెట్టండి. గురుడి నాలుగు చంద్రులూ 36 రెట్లకే కనబడతాయి, 90కి రెండు పట్టీలు తెలుస్తాయి. శని వలయాల అంచు 2025 మార్చిలో మనవైపు తిరిగింది. అవి మళ్లీ మెల్లగా విచ్చుకుంటున్నాయి, కొన్నాళ్లు సన్నగానే ఉంటాయి.

ఊగడానికి ఇంకో కారణం మీ డాబానే. పగలు కాగిన శ్లాబు చాలాసేపు వేడి వదులుతుంది. గ్రహాలను పొద్దుపోయాక చూడండి. టెలిస్కోపును ఏసీ గదిలోంచి తెస్తే అద్దానికి తడి పడుతుంది. తుడవకండి, ఆరనివ్వండి.

అద్దాలపని:
ట్యూబు మూతలో చిన్న బిళ్ల ఒకటి విడిగా ఊడుతుంది. అది మాత్రమే తీసి చూస్తున్నారేమో! మూత మొత్తం తీయాలి.

తర్వాత కొలిమేషన్, అంటే అద్దాలను ఒకే వరసకు సర్దడం. ధ్రువ నక్షత్రం దాదాపు కదలదు కాబట్టి దాన్ని 10 ఎంఎంలో మధ్యకు తెచ్చి ఫోకస్ కొంచెం చెడగొట్టండి. వెలుగు బిళ్ల నడిమధ్యలో నల్లచుక్క ఉండాలి. పక్కకు ఉంటే వెనక బిగింపు మరలు వదులు చేసి, సర్దే మూడు మరల్లో ఒక్కోదాన్ని పావు చుట్టుకు మించకుండా తిప్పండి. తిప్పినప్పుడల్లా నక్షత్రాన్ని మళ్లీ ఐపీసు మధ్యకు తేవాలి. ఫైండర్ (ట్యూబు మీది చిన్న గురి గొట్టం) పనైతే పగలే చూసుకోవాలి, దూరపు సెల్ టవర్ కొనను గురిపెట్టి.

చిత్తతార:
చూడాల్సినవంటారా: చంద్రుణ్ణి పంచమి నుంచి దశమిలోపు, వెలుగు చీకట్లు కలిసే గీత వెంబడి చూడండి. పౌర్ణమికి నీడలుండవు, గుంతలు చదునైపోతాయి. వశిష్ఠుణ్ణి 90 రెట్లలో చూస్తే అదొక్కటే రెండు చుక్కలు, అరుంధతి వేరే. చలికాలంలో కృత్తికలు (మన పిల్లలకోడి) 25 ఎంఎంలోనే బాగుంటాయి. ఒరాయన్ నడుం కింద నెబ్యులా (వాయు మేఘం) ఊరి వెలుతుర్లో కూడా బూడిదరంగు పొగలా తెలుస్తుంది. ఫొటోల్లోని ఎరుపు కంటికి కనబడదు.

మన అక్షాంశానికి దక్కిన వరం ఒమేగా సెంటారి అనే నక్షత్రాల గుంపు. మే మధ్యలో రాత్రి పదింటికి చిత్త నక్షత్రం నుంచి నేరుగా దక్షిణ దిగంతం వైపు 36 డిగ్రీలు దిగండి. చెయ్యి చాచి మూడున్నర పిడికిళ్లు. విజయవాడలో అది 26 డిగ్రీల ఎత్తుకే వస్తుంది, దక్షిణాన దీపాలు లేని చోటు, అమావాస్య రోజులు కావాలి. దొరికితే గరుకు ఉండలా ఉంటుంది.

బెజవాడ_డాబా:
బార్లో పెట్టెలోకి పోయింది. ఐపీసుకి బిగించే 'సన్' ఫిల్టర్ ఒకటుంది, వాడొచ్చా?

అద్దాలపని:
వద్దు, పారేయండి. అద్దం కూడగట్టిన ఎండంతా దానిమీదే పడి గాజు పగులుతుంది, ఆ క్షణంలో కన్ను అక్కడే ఉంటుంది. సూర్యుడికి ట్యూబు ముందు మొత్తాన్ని కప్పే సోలార్ ఫిల్మే వాడాలి, గాలికి ఊడకుండా టేపు వేసి. ఫైండర్‌కి మూత పెట్టడం మరవకండి.