ఓస్కీ మీద రీసెర్చ్ గ్రాంటు రెండోసారి వేస్తున్నా, పోయినసారి ఎక్కడ తేడా కొట్టిందో చెప్పండి

వైవా_బాధితురాలు

అందరికీ నమస్తే. నేను మెడిసిన్ డిపార్ట్‌మెంట్‌లో పాఠాలు చెప్తా, ఐదేళ్ల నుంచి ఫైనలియర్ ఓస్కీ (స్టేషన్లనే చిన్న చిన్న గదులు వరసగా తిరుగుతూ, ఒక్కో దాంట్లో ఒక్కో కేసు ఎగ్జామినర్ ముందు చేసి చూపించే ప్రాక్టికల్ పరీక్ష) నడిపే పని కూడా నా నెత్తినే పడింది. పోయినసారి ఒక మెడికల్ ఎడ్యుకేషన్ గ్రాంటుకి అప్లై చేశా, లెటర్ ఆఫ్ ఇంటెంట్ (పూర్తి ప్రపోజల్‌కి ముందు పంపే చిన్న దరఖాస్తు) దశలోనే వెనక్కి కొట్టారు.

నా ఐడియా ఏంటంటే, అదే స్టేషన్, దాదాపు అదే పెర్ఫార్మెన్స్, ఒక ఎగ్జామినర్ పదికి 9 వేస్తారు ఇంకొకరు 5 వేస్తారు, ఇది ప్రతి ఏడాదీ చూస్తున్న భాగోతమే, కాబట్టి ఎగ్జామినర్లకి ఒక పూట ట్రైనింగ్ పెట్టి ముందు తర్వాత మార్కుల్లో తేడా తగ్గిందా లేదా చూద్దామని. రివ్యూయర్లు రెండు ముక్కలు రాశారు. ఒకటి, ఇది ప్రోగ్రాం ఇవాల్యుయేషన్, రీసెర్చ్ కాదు. రెండు, వాలిడిటీ మీద దరఖాస్తుదారు అవగాహన పాతది. ఆ రెండోది చదివాక నాకు రాత్రంతా నిద్ర లేదు, ఎందుకంటే క్రాన్‌బాక్ ఆల్ఫా (మార్కుల్లోని అంశాలు ఒకదానితో ఒకటి ఎంత పొంతనగా ఉన్నాయో చెప్పే అంకె) 0.82 వచ్చింది కాబట్టి మాది వాలిడేట్ అయిన చెక్‌లిస్టు అని నేనే గొప్పగా రాసుకున్నా.

రీసెర్చ్‌కీ ఇవాల్యుయేషన్‌కీ గీత ఎక్కడ గీస్తారు? ఆల్ఫా రాయకపోతే ఇంకేం రాయాలి? బడ్జెట్ కూడా గుడ్డిగా వేశా. లెక్కలు తెలిసినవాళ్లు, రివ్యూ చేసినవాళ్లు ఉంటే మొహమాటం లేకుండా తిట్టండి.

మూడో_రౌండ్

మేడం, ఆ రెండు కామెంట్లూ నిజానికి ఒకటే కామెంట్. నేను రెండుసార్లు తిరస్కరించబడి మూడోసారి తెచ్చుకున్నా, ఆ తర్వాత కొన్నాళ్లు రివ్యూయర్‌గా కూడా కూర్చున్నా, అందుకే చెప్తున్నా.

మీ లెటర్ చదివినవాడికి అందులో మీ పరీక్ష కనిపిస్తుంది, ప్రశ్న కనిపించదు. "మా ట్రైనింగ్ పనిచేసిందా" అంటే దానికి జవాబు మీ డీన్‌కి కావాలి, వేరే కాలేజీలో ఉన్నవాడికి దాంతో పనేంటి? మీరు పరీక్ష నడపడమే మానేసినా ఇంకొకడు మీ ఫలితం చదివి తన పరీక్షలో ఏదో ఒకటి మార్చుకోగలిగితే అది రీసెర్చ్. దరఖాస్తులో ఉన్న "మా" అన్న మాటలన్నీ కొట్టేసి చూడండి, ఇంకా ప్రశ్న మిగిలితే మంచిదే, ఏమీ మిగలకపోతే రివ్యూయర్ అన్నది కరెక్టే.

ఇక వాలిడిటీ. చెక్‌లిస్టు వాలిడేట్ అవ్వదండి. ఒక మార్కుని చూసి మనం ఒక మాట అంటాం, ఈ పిల్లాడు పాస్, వీడిని వార్డులోకి వదలొచ్చు అని, ఆ మాటకి ఆధారం ఎంత ఉంది అన్నదే వాలిడిటీ. అదే చెక్‌లిస్టు ఫస్టియర్ వాళ్లకి ఫీడ్‌బ్యాక్ ఇవ్వడానికి సరిపోవచ్చు, ఫైనలియర్‌లో ఫెయిల్ చేయడానికి సరిపోకపోవచ్చు. పరీక్షల సిద్ధాంతాలు రాసిన మెసిక్ 1989లోనే ఈ గోల మొదలెట్టాడు, తర్వాత అదే రంగంలోని కేన్ దాన్ని ఒక వాదనలాగా పేర్చాడు, నాలుగు మెట్లు. చూసినదాన్ని మార్కుగా సరిగ్గా మార్చామా, ఆ స్టేషన్లలో వచ్చిన మార్కు వేరే స్టేషన్లు పెట్టినా అంతే వచ్చేదా, పరీక్ష గదిలో చేసినవాడు నిజం పేషెంటు దగ్గరా చేస్తాడా, చివరికి పాస్ ఫెయిల్ అని తేల్చడం న్యాయమేనా. మీ ఆల్ఫా రెండో మెట్టు మీద ఒక మూల మాత్రమే. మీ అసలు గొడవ, ఆ 9 కీ 5 కీ మధ్య తేడా, మొదటి మెట్టులో ఉంది. అంటే మీరు పట్టుకున్న జబ్బు ఒకటి, రాసిన టెస్టు రిపోర్టు ఇంకొకటి.

దరఖాస్తులో నాలుగు మెట్లూ ఎక్కకండి, ఏది బలహీనంగా ఉందో అది చూపించి డబ్బు దానికే అడగండి. నాలుగూ చేస్తా అన్నవాళ్లవి చదివితే నవ్వొస్తుంది, రెండేళ్లలో ఎవరి వల్లా కాదు.

ఇంకొకటి, ముందు తర్వాత డిజైన్ వదిలేయండి. ట్రైనింగ్ అయ్యాక ఇద్దరూ ఒకే మార్కు వేశారంటే ఇద్దరూ కరెక్టని కాదు కదా, ఇద్దరూ కలిసి ఒకేలాగా తప్పు వేసినా అగ్రిమెంట్ బ్రహ్మాండంగా వస్తుంది. 2014లో దీని మీద మంచి చర్చ నడిచింది, ఎగ్జామినర్ల తేడాని మూడు రకాలుగా చూడొచ్చని. ట్రైనింగ్ ఇస్తే పోయే తప్పు అనుకోవచ్చు, మనిషి బుర్రకుండే సహజమైన పరిమితి అనుకోవచ్చు, లేదా ఇద్దరు అనుభవజ్ఞులు ఇద్దరూ నిజమైన వేర్వేరు విషయాలు చూశారు అనుకోవచ్చు. మూడోదే నిజమైతే మీ ట్రైనింగ్ మంచి సమాచారాన్ని చెరిపేస్తున్నట్టు! మీరు ఏ పక్షమో చెప్పకుండా రాశారు, రివ్యూయర్‌కి చిరాకు అక్కడే వచ్చుంటుంది.

స్టాట్స్‌_పిచ్చి

మేడం లెక్కలు నేను చూస్తా. స్టూడెంట్లు ఎంతమంది, స్టేషన్లు ఎన్ని, ఎన్ని సర్క్యూట్లు?

వైవా_బాధితురాలు

60 మంది, 8 స్టేషన్లు, ఒకేసారి 3 సర్క్యూట్లు (అవే 8 స్టేషన్లు ఉన్న సమాంతర వరసలు) నడుస్తాయి. అంటే సర్క్యూట్‌కి 20 మంది, మొత్తం 24 మంది ఎగ్జామినర్లు. స్టేషన్ 8 నిమిషాలు, మార్కులకి 2 నిమిషాలు. పోయినసారి అన్ని స్టేషన్లూ వీడియో తీసి ఇద్దరిద్దరితో మళ్లీ మార్కులు వేయిస్తా అని రాశా, దానికి ఎగ్జామినర్ టైము 40 గంటలు అని పెట్టా.

స్టాట్స్‌_పిచ్చి

40 గంటలా? 60 ఇంటూ 8 అంటే 480 వీడియోలు, ఒక్కోదానికి ఇద్దరు అంటే 960 సార్లు మార్కులు వేయాలి, ఒక్కోటి 10 నిమిషాలు, 9,600 నిమిషాలు, 160 గంటలు. డ్యూటీ మానేసి ఎవరు కూర్చుంటారండి. మిమ్మల్ని ముంచింది వాలిడిటీ పేరా కంటే ఈ 40 అనే అంకె అని నా అనుమానం, లెక్కలు వచ్చిన రివ్యూయర్ ముందు బడ్జెట్ పేజీ తిప్పుతాడు, అక్కడ గంటలు కుదరలేదంటే ఈమె ఇది చేసి చూడలేదు అని తేల్చేస్తాడు.

పైగా మీ దగ్గర ఇంకో పెద్ద చిక్కుంది, మీరు గమనించారో లేదో. ఏ సర్క్యూట్ వాళ్లని ఆ సర్క్యూట్ ఎగ్జామినర్లే చూస్తారు. రెండో సర్క్యూట్ సగటు తక్కువొస్తే పిల్లలు డల్లా, ఎగ్జామినర్లు పిసినార్లా? మీ మార్కుల ఫైలుని తలకిందులు చేసినా ఆ జవాబు రాదు, ఎందుకంటే రెండు గుంపుల మధ్యా ఉమ్మడిది ఏదీ లేదు. దీనికే వెస్కా అని ఒక పద్ధతి వచ్చింది. అందులో ఒకే స్టేషన్ చూసే ఎగ్జామినర్లందరికీ, ఏ సర్క్యూట్ వాళ్లైనా సరే, అవే కొన్ని వీడియోలు ఇచ్చి మార్కులు వేయమంటారు. ఆ ఉమ్మడి వీడియోలే వంతెన. దాని మీద మెనీ ఫేసెట్ రాష్ మోడల్ (స్టూడెంటు సత్తా, స్టేషన్ కష్టం, ఎగ్జామినర్ కాఠిన్యం విడదీసే లెక్క) నడిపితే ఎవరు ఎంత గట్టిగా వేస్తున్నారో విడిగా బయటికొస్తుంది, పిల్లల మార్కు సర్దితే ఎంత మారేదో కూడా చెప్పొచ్చు.

మీకు లెక్క: స్టేషన్‌కి 4 వీడియోలు అంటే 32 వీడియోలు చాలు. 24 మంది తలా 4 చూస్తారు, 96 సార్లు, 960 నిమిషాలు, 16 గంటలు. మనిషికి 40 నిమిషాలు! 160 ఎక్కడ 16 ఎక్కడ. మిగిలిన డబ్బు సైకోమెట్రీషియన్‌కి (పరీక్ష మార్కుల లెక్కల నిపుణుడికి) పెట్టండి, అదీ చివర్లో డేటా తెచ్చి అతని మొహాన కొట్టేలా కాదు, మొదటి నెల నుంచే, ఎందుకంటే ఏ వీడియోలు ఎంచాలి, మంచీ చెడూ నడిమిరకం ఎలా కలపాలి అన్నది తేలకపోతే తర్వాత ఎవడూ బాగుచేయలేడు.

జీ థియరీ (జనరలైజబిలిటీ థియరీ) కూడా పెట్టండి, 1972 నాటిది, అయినా రివ్యూయర్లకి ఇష్టం. ఎగ్జామినర్ వల్ల ఎంత, స్టేషన్ వల్ల ఎంత అని వేరియన్స్ (మార్కుల్లోని హెచ్చుతగ్గులు) విడదీసి చూపిస్తారు. చాలాసార్లు తేలేది ఏంటంటే ఒక స్టేషన్‌లో ఇద్దరు ఎగ్జామినర్లని కూర్చోబెట్టే కంటే అదే మనిషిని ఇంకో కొత్త స్టేషన్‌లో కూర్చోబెడితే ఎక్కువ లాభం. 8 స్టేషన్లకి రిలయబిలిటీ (మళ్లీ పెట్టినా మార్కులు ఎంత నిలకడగా వస్తాయో చెప్పే అంకె) 0.5 అనుకోండి, అలాంటివే 16 చేస్తే స్పియర్‌మన్ బ్రౌన్ సూత్రం ప్రకారం సుమారు 0.67. ఛాతీనొప్పి కేసు బాగా చేసినవాడు తలనొప్పి కేసూ బాగా చేస్తాడని గ్యారంటీ లేదు కదా, అదన్నమాట.

పాత_ఎగ్జామినర్

లెక్కలు బాగున్నాయి గానీ అమ్మా, ఎథిక్స్ ఎవరూ ఎత్తలేదే. నా అనుభవం చెప్తా. నాకు గ్రాంటు వచ్చింది, డబ్బు కూడా అకౌంట్లో పడింది, తీరా వీడియోలు తీయబోతుంటే పరీక్షల విభాగం వాళ్లు మార్కుల డేటా ఇవ్వం అన్నారు, అప్పటిదాకా నోటిమాట మీద నమ్ముకుని ఉన్నా. ఏడు నెలలు పోయాయి. ఆ బ్యాచ్ పరీక్ష రాసి వెళ్లిపోయింది, మళ్లీ ఏడాది ఆగాల్సొచ్చింది. పరీక్ష ఏడాదికి ఒక్కసారే వస్తుంది, ఇది మందుల ట్రయల్ కాదు వచ్చే నెల ఇంకో పేషెంటుని ఎక్కించడానికి. కాబట్టి డేటా ఎవరి చేతిలో ఉందో వాళ్ల సంతకంతో లెటర్ తీసుకుని దరఖాస్తుకి జోడించు. "సహకరిస్తాం" అని ఉత్తుత్తి లెటర్ వద్దు, ఏ బ్యాచ్, ఏ మార్కులు, ఎప్పటికి, పేర్లు ఎవరు తీసేస్తారు, ఇవన్నీ అందులో ఉండాలి.

కన్సెంట్ నువ్వు అడక్కు. నువ్వే పరీక్ష నడిపేదానివి, నువ్వు కాగితం చాపితే ఏ పిల్ల వద్దంటుంది? మార్కులతో సంబంధం లేని వాళ్లతో అడిగించాలి, ఎవరు ఒప్పుకున్నారో రిజల్ట్స్ వచ్చేదాకా నీకు తెలియకూడదు. ఎగ్జామినర్లు కూడా మనుషులే, "ఈ సార్ అందరికంటే పిసినారి" అని బయటపడితే ఊరుకుంటారా? వాళ్ల కన్సెంటూ కావాలి, వాళ్ల పేర్లకీ కోడ్ నంబర్లు కావాలి. ఇది రాసినవాళ్లని నేను ఇంతవరకు ఇద్దర్నే చూశా.

సర్దిన మార్కుతో ఒకమ్మాయి పాస్ అవ్వాల్సింది ఫెయిల్ అయినట్టు తేలితే ఏం చేస్తావు? రిజల్టు మార్చవు కదా. అప్పుడు ఆ సంగతి తెలిసీ ఊరుకున్నట్టేగా. కమిటీ వాళ్లు అడిగేలోపే జవాబు రాసి పెట్టుకో.

కొత్తగా_చేరా

మధ్యలో దూరుతున్నా సారీ. అసలు అసెస్‌మెంట్ రీసెర్చ్‌కే ప్రత్యేకంగా డబ్బులిచ్చేవాళ్లు ఉన్నారా? నేను చూసినవన్నీ జబ్బుల మీదే ఉన్నాయి, విద్య అంటే ఎవరూ పైసా రాల్చట్లేదు.

మూడో_రౌండ్

తక్కువే. అచ్చంగా అసెస్‌మెంట్‌కే అంటే అమెరికాలో ఎన్‌బీఎంఈ (డాక్టర్ల లైసెన్సు పరీక్షలు తయారుచేసే సంస్థ) వాళ్ల స్టెమ్లర్ ఫండ్ పేరు ముందు చెప్పుకునేవాళ్లు, మొదట లెటర్ ఆఫ్ ఇంటెంట్, నచ్చితే పూర్తి ప్రపోజల్ అడిగేవాళ్లు. ఇచ్చేది గరిష్ఠంగా 1,50,000 డాలర్లు, రెండేళ్లకి అన్నట్టు నడిచింది. కానీ అర్హత అక్కడి గుర్తింపు ఉన్న మెడికల్ స్కూళ్లకే ఉండేది, బయటివాళ్లకి అక్కడి టీమ్‌తో కలిసి పనిచేయడమే దారి. ఏ ఫండ్ అయినా సరే ఆ ఏడాది పిలుపులో ఏముందో అది చదవండి, పాత పీడీఎఫ్ నమ్ముకోవద్దు. మెడికల్ ఎడ్యుకేషన్ సంఘాలు ఇచ్చే చిన్న గ్రాంట్లూ ఉంటాయి, మొత్తం చూసి మొహం ముడుచుకోవద్దు, పైలట్ (ముందుగా చిన్నగా చేసి చూసిన) డేటా వచ్చేది వాటితోనే, పెద్దవాళ్లు పైలట్ లేకుండా కదలరు.

అమెరికా ఫండ్‌కి వేసేవాళ్లకి ఒక మాట. అక్కడ లైసెన్సు పరీక్షలో భాగమైన స్టెప్ 2 సీఎస్ 2020 మార్చిలో ఆగింది, 2021 జనవరిలో పూర్తిగా ఎత్తేశారు. క్లినికల్ స్కిల్స్ చూసే జాతీయ పరీక్ష పోయింది కాబట్టి ఆ బరువు స్కూళ్ల సొంత ఓస్కీల మీద పడింది. మీ ప్రశ్న ఎందుకు ముఖ్యం అన్న పేరాకి ఇంతకంటే గట్టి కారణం దొరకదు. హార్డెన్ 1975లో ఓస్కీ పెట్టాడు అంటూ చరిత్రతో మొదలెట్టి అరపేజీ వృథా చేయకండి, చదివేవాళ్లకి అది తెలుసు.

వైవా_బాధితురాలు

అందరికీ థాంక్స్, నిన్న రాత్రి కూర్చుని మొదటి పేరా మళ్లీ రాశా. "ఓస్కీలో స్టూడెంటు పాస్ ఫెయిల్ అతను చేసినదాని మీద ఆధారపడాలి, ఏ సర్క్యూట్‌లో పడ్డాడన్న దాని మీద కాదు. సమాంతర సర్క్యూట్లు నడిపే పరీక్షల్లో ఈ రెంటినీ విడదీసే డేటా మామూలుగా ఉండదు. ఉమ్మడి వీడియోలతో ఎగ్జామినర్ గుంపులను కలిపి, పాస్ గీత దగ్గరున్న స్టూడెంట్లలో ఎంతమంది ఫలితం గుంపు వల్ల మారుతుందో, పెద్ద తేడాలు వచ్చినచోట ఎగ్జామినర్లు అసలు ఏం చూసి అలా వేశారో ఈ అధ్యయనం పరిశీలిస్తుంది." "మా" అన్న మాట ఒక్కటీ లేదు, లెక్కపెట్టుకున్నా. రెండో భాగానికి ఎగ్జామినర్లతో ఇంటర్వ్యూలు పెడదామని.

మూడో_రౌండ్

ఇది వేరే మనిషి రాసినట్టుంది. ట్రైనింగ్ మాటే తీసేశారు, మంచి పని చేశారు. ఇంటర్వ్యూలు 24 మందితోనా? టైపు చేయించే ఖర్చు వేశారా? గంట ఆడియో రాతలోకి దించడానికి నాలుగైదు గంటలు పడుతుంది, అది మర్చిపోతే మళ్లీ ఆ 40 గంటల కథే.

స్టాట్స్‌_పిచ్చి

"పాస్ గీత దగ్గరున్న" అంటే ఎన్ని మార్కుల లోపలో ముందే రాసి పెట్టండి. 60 మందిలో గీత దగ్గర ఆరుగురే ఉంటే శాతం చెప్పడానికి ఏముంటుంది? పోయిన మూడేళ్ల మార్కులు తీసి ఎంతమంది ఉంటారో చూడండి, తక్కువైతే ఇంకో కాలేజీని కలుపుకోవాలి, అప్పుడు బడ్జెట్ మళ్లీ మొదట్నుంచి.

వైవా_బాధితురాలు

చూశా. ఏడుగురు, నలుగురు, తొమ్మిదిమంది. ఇంకో కాలేజీలో పాత క్లాస్‌మేట్ ఒకతను ఉన్నాడు, ఫోన్ చేస్తున్నా.

పాత_ఎగ్జామినర్

వాళ్ల పరీక్షల విభాగం లెటర్ కూడా అడుగు.