అప్‌డేట్: నాన్నకు రోబోటిక్ సర్జరీ అయింది

నాన్నకు రెక్టల్ క్యాన్సర్ (పెద్దపేగు చివర, మలాశయంలో వచ్చేది) మూడో స్టేజ్, రోబోతో ఆపరేషన్ చేయించవచ్చా అని అడిగాను కదా. చేయించాం. ముందు 28 సిట్టింగుల రేడియేషన్, కీమో మాత్రలు. గడ్డ తగ్గాక, పది వారాలకు ఆపరేషన్.

రోబో తనంతట తానే కోస్తుందేమోనని నాకు టెన్షన్. కాదు, ప్రతి కదలికనూ కన్సోల్ (రోబో చేతులను నడిపే కంట్రోల్ డెస్క్) దగ్గర కూర్చుని సర్జనే నడిపించారు. ఇరుకైన కటి భాగంలో నరాలు దెబ్బతినకుండా, చుట్టూ ఉన్న కొవ్వు పొరతో సహా గడ్డను తీయడానికి అది వీలుగా ఉంటుందట. తీసిన భాగాన్ని ల్యాబ్‌లో పరీక్షిస్తే, దాని అంచుల దగ్గర క్యాన్సర్ లేదని రిపోర్ట్ వచ్చింది. అమ్మ ఆ కాగితాన్ని చాలాసేపు ఒళ్లోనే పెట్టుకుని కూర్చుంది.

కష్టమంతా స్టోమా బ్యాగ్‌తోనే, అంటే పొట్ట మీద చేసిన రంధ్రం నుంచి మలం చేరే సంచితో. తాత్కాలికమేనని తెలిసినా నాన్న వారం రోజులు దానివైపు చూడలేదు. నిన్న తనే మార్చుకున్నారు.